బానిస కొడుకు, డిప్యూటీ గవర్నర్, ఈజిప్టు యజమాని: ఇబ్న్ తులూన్ కథ

ఈ ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చెయ్యండి. ఫోన్‌లో మ్యాప్ ఓపెన్ చేసి "ఇబ్న్ తులూన్ మసీదు, కైరో" అని కొట్టండి. శాటిలైట్ వ్యూ పెట్టి జూమ్ చెయ్యండి. చుట్టూ ఒకదానికొకటి ఆనుకున్న ఇళ్లు, ఇరుకు సందులు. వాటి మధ్యలో ఒక పెద్ద చదరం, ఆ చదరం నడుమ ఖాళీ ఆవరణ. కనిపించిందా? అది కట్టి 1100 ఏళ్లు దాటింది. ఒకప్పుడు దాని చుట్టూ ఒక రాజధాని నగరం ఉండేది. ఇప్పుడు ఈ మసీదు తప్ప ఆ నగరంలో దాదాపు ఏమీ మిగల్లేదు.

ఆ నగరాన్నీ ఈ మసీదునీ కట్టించినవాడు రాజు కాదు. అసలు నియామకం చూస్తే పూర్తి గవర్నర్ కూడా కాదు, గవర్నర్ తరఫున వచ్చిన డిప్యూటీ. అతని నాన్న బానిస. మరి బానిస కొడుక్కి ఈజిప్టు లాంటి దేశం ఎలా దొరికింది? ఈరోజు మన టాపిక్ అదే.

ఒక మాట ముందే చెప్పేస్తాను. ఈ ఎపిసోడ్‌లో "తుర్కులు" అని చాలాసార్లు అంటాను. మన తెలుగులో తురుష్కులు, తురక లాంటి మాటలు ఈ "తుర్కు" నుంచి వచ్చినవే గానీ, మన దగ్గర ఆ మాట మతానికి అతుక్కుపోయింది. ఇక్కడ నేను మాట్లాడేది మతం గురించి కాదు. మధ్య ఆసియా గడ్డి మైదానాల్లో గుర్రాల మీద బతికిన జాతుల గురించి. చిన్నప్పటి నుంచి స్వారీ, గుర్రం పరిగెడుతుండగానే వెనక్కి తిరిగి బాణం వెయ్యడం వాళ్లకి అలవాటు. అదే వాళ్ల విలువ, అదే వాళ్ల దురదృష్టం కూడా.

ఎందుకంటే 9వ శతాబ్దంలో వాళ్ల పిల్లల్ని పట్టుకుని అమ్మేవాళ్లు. బుఖారా, సమర్‌ఖండ్ దారిలో బాగ్దాద్ దాకా తెచ్చేవాళ్లు. ఇలా కొని సైనికులుగా తయారుచేసిన వాళ్లని గులాం అనేవాళ్లు. మనం వాడే "గులాంగిరీ"లో ఉన్న గులామే ఇది. 815 ప్రాంతంలో బుఖారా వైపు నుంచి ఖలీఫా అల్ మామూన్‌కి కానుకగా వెళ్లిన వాళ్లలో తులూన్ అనే అతను ఒకడు. "ఇబ్న్" అంటే కొడుకు. మొదటిసారి ఈ పేరు చదివినప్పుడు ఇబ్న్ అతని సొంత పేరేమో అనుకున్నాను నేను. కాదు, సొంత పేరు అహ్మద్. తులూన్ కొడుకు అహ్మద్ అన్నమాట. పుట్టింది 835లో.

ఖలీఫాకి కొన్న సైనికులు ఎందుకు? సొంత జనం లేరా? ఉన్నారు, సమస్యే అది. మామూన్ తన సవతి తమ్ముడితో యుద్ధం చేసి గద్దె ఎక్కినవాడు. అరబ్బు తెగలకి వాళ్ల నాయకులు ఉన్నారు, ఖురాసాన్ సైన్యాలకి వాళ్ల లెక్కలు ఉన్నాయి. ప్రతి ఒక్కరికీ బంధువులు, ఊళ్లు, పాత పగలు. మామూన్ తమ్ముడు అల్ ముతసిమ్ వేరేగా ఆలోచించాడు. బంధువుల్లేని, భాష తెలియని, తన జీతం తప్ప ఇంకో దిక్కులేని కుర్రాళ్లని కొంటే వాళ్లు తనకి తప్ప ఎవరికి విశ్వాసంగా ఉంటారు? వేలల్లో కొన్నాడు.

బాగ్దాద్ జనానికి వాళ్లు నచ్చలేదు. ఇరుకు వీధుల్లో గుర్రాల్ని దౌడు తీయించి ఆడవాళ్లనీ పిల్లల్నీ తొక్కించేవాళ్లట. జనం కోపంతో ఒంటరిగా దొరికిన సైనికుల్ని చంపేవాళ్లట. దాంతో ముతసిమ్ 836లో రాజధానినే లేపి, ఉత్తరాన దాదాపు 125 కిలోమీటర్ల దూరంలో సామర్రా అనే కొత్త నగరం కట్టుకున్నాడు. అక్కడ తుర్కులకి విడిగా పేటలు. ఊరి వాళ్లతో కలవకూడదు. పెళ్లిళ్లకి కూడా ప్రభుత్వమే అమ్మాయిల్ని కొని ఇచ్చేది. ఖలీఫా తన సైన్యాన్ని జనం నుంచి కాపాడుకున్నాను అనుకున్నాడు. అసలు జరిగింది ఏంటంటే, జనం లేని చోట సైన్యం మధ్యలోకి తానే వెళ్లి కూర్చున్నాడు.

దాని ఫలితం పాతికేళ్లకి వచ్చింది. 861 డిసెంబర్‌లో ఖలీఫా అల్ ముతవక్కిల్‌ని తుర్కు కమాండర్లు చంపేశారు. అక్కడి నుంచి తొమ్మిదేళ్లు నడిచింది ఘోరం. 862లో ముంతసిర్ చనిపోయాడు, విషం పెట్టారని అనుమానం. ముస్తయీన్‌ని దింపి 866లో చంపారు. ముతజ్‌ని 869లో, ముహ్తదీని 870లో.

వీళ్లలో ముతజ్ కథ దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. సైనికులు జీతాల బకాయి అడిగారు. బేరం 50 వేల దీనార్ల దగ్గర తేలింది. ఖజానాలో అంత లేదు. ముతజ్ వెళ్లి వాళ్లమ్మ కబీహాని అడిగాడు, ఆమె లేదంది. సైనికులు అతన్ని బయటికి ఈడ్చి, దింపి, చంపేశారు. తర్వాత ఆమె దాచిన చోటు వెతికితే పది లక్షలకి పైగా దీనార్లు, దాంతో పాటు పచ్చలు, ముత్యాలు, కెంపులు దొరికాయి అని చరిత్రకారుడు తబరీ రాశాడు. 50 వేలు అడిగితే లేదన్న ఇంట్లో పది లక్షలు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మన కుర్రాడు అహ్మద్ పెరిగింది ఈ సామర్రాలోనే. కానీ మిగతా కమాండర్ల పిల్లల్లా కాదు. ఖురాన్ కంఠస్థం చేశాడు, సరిహద్దు పట్టణం తర్సూస్ వెళ్లి మతశాస్త్రం చదువుకున్నాడు, బైజాంటైన్ సరిహద్దులో పోరాడాడు. దింపేసిన ముస్తయీన్‌కి వాసిత్‌లో కాపలా డ్యూటీ ఇతనికే వేశారు. ఖలీఫాని నువ్వే చంపెయ్, పెద్ద పదవి ఇస్తాం అన్నారట. నేను చెయ్యను అన్నాడట. చివరికి ఆ పని ఇంకొకడు చేశాడు. ఈ కథ ఇబ్న్ తులూన్‌ని మెచ్చుకుంటూ రాసిన వాళ్ల నుంచి వచ్చింది కాబట్టి కొంచెం తగ్గించుకుని వినొచ్చు. అయినా చేతికి రక్తం అంటకుండా ఆ ఊళ్లోంచి బయటపడ్డాడు అనేది మాత్రం నిజం.

ఇప్పుడు ఈజిప్టు. సామర్రాలో పెద్ద తుర్కు కమాండర్లకి ఒక్కో రాష్ట్రాన్ని రాసిచ్చేసేవాళ్లు. కానీ ఆ కమాండర్ అక్కడికి వెళ్లడు. వెళ్తే ఖలీఫా పక్కన సీటు వేరేవాడు లాక్కుంటాడు. అందుకని తను సామర్రాలోనే ఉండి ఒక డిప్యూటీని పంపుతాడు. 868లో ఈజిప్టు బాయక్‌బాక్ అనే కమాండర్‌కి దక్కింది. తులూన్ చనిపోయాక అహ్మద్ వాళ్లమ్మని పెళ్లి చేసుకున్నది ఇతనే, అంటే అహ్మద్‌కి మారుతండ్రి. అలా 33 ఏళ్ల అహ్మద్ ఆ ఏడాది సెప్టెంబర్‌లో ఈజిప్టు రాజధాని ఫుస్తాత్‌లో దిగాడు. కైరో నగరం అప్పటికి లేదు, ఇంకో వందేళ్ల తర్వాత వస్తుంది.

దిగాడు గానీ చేతిలో డబ్బు లేదు. ఇది బాగా అర్థం చేసుకోవాలి, ఎందుకంటే కథ మొత్తం దీని మీదే నడుస్తుంది. అప్పటి పద్ధతిలో సైన్యం ఒకరి చేతిలో, పన్నులు ఇంకొకరి చేతిలో ఉండేవి. గవర్నర్‌కి సైన్యం. ఖరాజ్, అంటే భూమి శిస్తు వసూలు చేసే అధికారి వేరు, అతను నేరుగా ఖలీఫాకే జవాబుదారీ. పైగా టపా చూసే అధికారి ఉండేవాడు. ఉత్తరాలతో పాటు గవర్నర్ ఏం చేస్తున్నాడో రహస్యంగా పైకి రాయడం అతని అసలు ఉద్యోగం. ఒకడి మీద ఒకడు నిఘా. చెడ్డ ఏర్పాటేం కాదు. సైన్యం ఉన్నవాడికి డబ్బు లేదు, డబ్బు ఉన్నవాడికి సైన్యం లేదు.

ఈజిప్టులో శిస్తు అధికారి పేరు ఇబ్న్ అల్ ముదబ్బిర్. జనానికి ఇతనంటే మంట. చేపలు పట్టడం మీద, పచ్చిక బయళ్ల మీద, నేట్రాన్ అనే సోడా ఉప్పు మీద కూడా పన్ను వేసిన మనిషి. కొత్త డిప్యూటీ వచ్చాడని 10 వేల దీనార్ల కానుక పంపాడు. ఇబ్న్ తులూన్ వెనక్కి పంపేశాడు. డబ్బు వద్దు, మీ చుట్టూ కాపలా ఉండే ఆ వంద మంది కుర్రాళ్లని ఇవ్వండి చాలు అన్నాడు. ముదబ్బిర్‌కి వెంటనే వెలిగింది. ఇతను డబ్బు కోసం వచ్చిన రకం కాదు, ఇంకా ప్రమాదం అని. కానీ కాదనలేకపోయాడు. మర్నాటి నుంచి శిస్తు అధికారి వీధిలో ఒంటరిగా వెళ్తుంటే, అతని సొంత గార్డులు కొత్త గవర్నర్ వెనక నడుస్తున్నారు. జనం చూశారు. ఎవరు బాస్ అనేది ఆ రోజే తేలిపోయింది.

ఇక్కడ అదృష్టం కూడా కలిసొచ్చింది. సామర్రాలో బాయక్‌బాక్‌ని 870లో చంపేశారు. మామూలుగా అయితే డిప్యూటీ ఉద్యోగం కూడా పోవాలి. కానీ ఈజిప్టు తర్వాత దక్కింది యార్జుఖ్ అనే కమాండర్‌కి, అతను ఇబ్న్ తులూన్‌కి పిల్లనిచ్చిన మామ! నీ దగ్గర ఉన్నది నువ్వే నీకు అప్పగించుకో అనే అర్థం వచ్చేలా ఉత్తరం రాశాడు మామగారు. అలెగ్జాండ్రియా కూడా చేతికొచ్చింది.

అదే టైంలో పాలస్తీనా వైపు గవర్నర్ ఈసా ఇబ్న్ అల్ షేఖ్ ఎదురుతిరిగి, ఈజిప్టు నుంచి ఖలీఫాకి వెళ్తున్న డబ్బునే మధ్యలో పట్టుకున్నాడు. సామర్రా నుంచి ఇబ్న్ తులూన్‌కి ఆర్డర్ వచ్చింది, సైన్యాన్ని తయారుచేసి వాడి పని చూడు అని. తుర్కుల్ని, ఆఫ్రికా నుంచి నల్లవాళ్లని, గ్రీకుల్ని కొన్నాడు. ఒక లెక్క ప్రకారం 24 వేల మంది తుర్కులు, 40 వేలకి పైగా నల్లజాతి సైనికులు. ఈ అంకెలు పెంచి రాసినవే అని నా అనుమానం. తీరా బయల్దేరాక మళ్లీ ఆర్డర్. నువ్వు వద్దు, వేరేవాణ్ని పంపుతున్నాం, వెనక్కి వెళ్లు అని. బుద్ధిగా వెనక్కి వెళ్లిపోయాడు. ఆర్డర్ క్యాన్సిల్ అయింది, సైన్యం మాత్రం అతని దగ్గరే ఉండిపోయింది.

ఆ సైన్యానికి ఫుస్తాత్‌లో చోటు చాలలేదు. పక్కనే కొత్త ఊరు వేశాడు. దాని పేరు అల్ ఖతాయి. అంటే విడివిడిగా కేటాయించిన జాగాలు. మన భాషలో ప్లాట్లు అనుకోండి. తుర్కులకి ఒక పేట, నల్ల సైనికులకి ఒక పేట, గ్రీకులకి ఒక పేట. సామర్రా గుర్తొచ్చిందా? అచ్చం అదే. తను పెరిగిన ఊరిని నైలు ఒడ్డున మళ్లీ కట్టుకున్నాడు. మీరు ఇందాక మ్యాప్‌లో చూసిన మసీదు ఈ ఊరి మధ్యలోది. 876లో మొదలుపెట్టి 879లో పూర్తిచేశారు. ఖర్చు లక్షా 20 వేల దీనార్లు అంటారు. మెట్లు బయట నుంచి చుట్టుకుంటూ ఎక్కే ఆ మినార్ ఆలోచన కూడా సామర్రాదే.

871 కల్లా ముదబ్బిర్‌ని ఈజిప్టు నుంచి సాగనంపాడు. ఆ తర్వాత కొన్నేళ్లకి పన్నుల అధికారం కూడా తన చేతికే వచ్చింది. సైన్యం, డబ్బు రెండూ ఒకే మనిషి దగ్గర! పట్టు దొరికాక ముదబ్బిర్ వేసిన ఆ చెత్త పన్నులు తీసేశాడు. కాలువలు బాగుచేయించాడు, నైలు నీటి మట్టం కొలిచే కట్టడాన్ని రిపేర్ చేయించాడు. ఈజిప్టు రాబడి 8 లక్షల దీనార్ల నుంచి 43 లక్షలకి పెరిగిందని పాత రచయితలు రాశారు. డబ్బు సామర్రాకి పోకుండా ఈజిప్టులోనే ఖర్చయితే ఏమవుతుందో జనం మొదటిసారి చూశారు.

ఉచిత ఆసుపత్రి కూడా కట్టించాడు. చేరేటప్పుడు రోగి బట్టలు, డబ్బు తీసి జాగ్రత్త చేసి, ఆసుపత్రి బట్టలు ఇచ్చేవాళ్లు. ఒక రొట్టె, ఒక కోడి తినగలిగితే డిశ్చార్జ్! నాకు ఈ రూల్ భలే నచ్చింది. కానీ సైనికులకీ బానిసలకీ ఆ ఆసుపత్రిలో ప్రవేశం లేదు. బానిస కొడుకు కట్టించిన ఆసుపత్రి అది.

మరి ఖలీఫా ఊరుకున్నాడా? 870 నుంచి ఖలీఫా అల్ ముతమిద్, కానీ అసలు పెత్తనం తమ్ముడు అల్ మువఫ్ఫక్‌ది. మువఫ్ఫక్‌కి పెద్ద తలనొప్పి ఉంది. దక్షిణ ఇరాక్ చిత్తడి నేలల్లో ఆఫ్రికన్ బానిసలు తిరగబడ్డారు, జంజ్ తిరుగుబాటు అంటారు. 869 నుంచి 883 దాకా నడిచింది. దానికి డబ్బు కావాలి, ఈజిప్టులో డబ్బు ఉంది. ఇబ్న్ తులూన్ 12 లక్షల దీనార్లు పంపాడు. చాలదు అన్నాడు మువఫ్ఫక్. మాటా మాటా పెరిగింది. 877లో ఇబ్న్ తులూన్‌ని తీసెయ్యడానికి మూసా ఇబ్న్ బుఘా అనే తుర్కు సేనాని బయల్దేరాడు. సిరియాలో రఖ్ఖా దాకా వచ్చి పది నెలలు ఆగిపోయాడు. యుద్ధం చేసి కాదు. సైన్యానికి జీతాలు లేవు! సైనికులు గొడవకి దిగితే మూసా వెనక్కి తిరిగాడు. ఇబ్న్ తులూన్ ఒక్క బాణం వెయ్యకుండా గెలిచాడు. మరుసటి ఏడాది తనే వెళ్లి సిరియా కలుపుకున్నాడు.

ఇంత చేసినా నేనే రాజుని అని మాత్రం అనలేదు. శుక్రవారం ఖుత్బాలో ఖలీఫా పేరే చదివేవాళ్లు. నాణెం మీద ఖలీఫా పేరు ఉంది, తర్వాత దాని పక్కన తన పేరు చేర్చాడు. పేరు వాళ్లది, ఖజానా మనది. ఇది వింటుంటే హైదరాబాద్ వాళ్లకి ఏదో తెలిసిన కథలా అనిపించాలి. నిజాం ఉల్ ముల్క్ మొఘలుల తరఫున దక్కన్‌కి వచ్చిన సుబేదారే కదా. పూర్వీకులు మధ్య ఆసియా వాళ్లు. 1724 తర్వాత దక్కన్ పాలన అంతా ఆయన చేతిలోనే నడిచింది, ఢిల్లీ బాదుషా పేరు మాత్రం నాణెం మీద అలాగే ఉంది. అంతకు ముందు గోల్కొండ కుతుబ్ షాహీల మూలపురుషుడు సుల్తాన్ కులీ కూడా హమదాన్ వైపు నుంచి వచ్చిన తుర్క్‌మెన్, బహమనీల కింద తెలంగాణకి గవర్నర్. వీళ్లెవరూ బానిసలు కాదు, అది తేడా. మిగతా పద్ధతి మాత్రం ఇబ్న్ తులూన్ నాటిదే. సరే, ఈజిప్టుకి వచ్చేద్దాం.

ఇబ్న్ తులూన్ సిరియాలో ఉండగా ఈజిప్టులో వదిలిన పెద్ద కొడుకు అబ్బాస్ ఖజానా ఊడ్చేసుకుని పడమటికి బర్ఖా పారిపోయాడు. కొన్నేళ్లకి పట్టుబడ్డాడు. అతన్ని రెచ్చగొట్టిన స్నేహితుల చేతులూ కాళ్లూ అతని చేతే నరికించాడు తండ్రి. తర్వాత కొడుక్కి వంద కొరడా దెబ్బలు, జైలు. కొట్టిస్తూ ఏడ్చాడు అని రాశారు.

882లో ఇంకా పెద్ద దెబ్బ. సిరియాలో అతని ముఖ్య సేనాని లూలూ. లూలూ అంటే ముత్యం. ఇబ్న్ తులూన్ స్వయంగా కొని పెంచిన గులాం. అతను సైన్యంతో సహా మువఫ్ఫక్ వైపు వెళ్లిపోయాడు. కొనుక్కున్నవాడు విశ్వాసంగా ఉంటాడు అన్న ముతసిమ్ లెక్క ఇక్కడ కూడా తప్పింది. అదే ఏడాది ఖలీఫా ముతమిద్ తమ్ముడి పోరు పడలేక, తన గవర్నర్ దగ్గరే తలదాచుకుందామని ఈజిప్టు వైపు పారిపోబోయి దారిలో దొరికిపోయాడు. ఊహించుకోండి, ఖలీఫా పారిపోయి గవర్నర్ దగ్గరికి!

దీంతో ఇబ్న్ తులూన్ డమాస్కస్‌లో ఖాజీలని కూర్చోబెట్టి, మువఫ్ఫక్‌కి వారసత్వ హక్కు లేదని చెప్పించాడు. అవతల మువఫ్ఫక్ మసీదుల్లో ఇబ్న్ తులూన్‌ని తిట్టించాడు. ఈజిప్టు పెద్ద ఖాజీ బక్కార్ మాత్రం తను కోరినట్టు చెప్పలేదు. ఆయనకి ఏటా వెయ్యి దీనార్ల కానుక ఇచ్చేవాడు ఇబ్న్ తులూన్. కోపంలో అవన్నీ తిరిగి ఇచ్చెయ్ అన్నాడు. ముసలాయన సీలు కూడా విప్పని సంచులు తెచ్చి ముందు పెట్టాడు, ఒక్కటీ ముట్టుకోలేదు. అయినా జైల్లో పెట్టాడు. ఇబ్న్ తులూన్‌ని ఎంత మెచ్చుకున్నా, ఈ ఒక్క చోట నేను ఖాజీ వైపే.

884 మేలో ఇబ్న్ తులూన్ జబ్బుతో చనిపోయాడు. యాత్రలో గేదె పాలు అతిగా తాగి విరేచనాలు పట్టుకున్నాయని కథనం. ఖజానాలో కోటి దీనార్లు వదిలివెళ్లాడని లెక్క. ఒక దీనార్ 4.25 గ్రాముల బంగారం, అంటే 42 టన్నులు.

ఆ 42 టన్నులు 12 ఏళ్లు వచ్చాయి. గద్దె ఎక్కింది రెండో కొడుకు ఖుమారవైహ్. జైల్లో ఉన్న అన్న అబ్బాస్‌ని చంపించేశాడు. మొదట్లో బాగానే నడిపాడు. 886లో బాగ్దాద్‌తో సంధి కుదిరింది, 30 ఏళ్లు ఈజిప్టు, సిరియా మీ వంశానివే, ఏటా 3 లక్షల దీనార్లు కట్టండి అని. కానీ ఇతనికి ఖర్చు మీద చెయ్యి ఆగదు. నిద్ర పట్టడం లేదని తోటలో పాదరసంతో కొలను కట్టించి, దాని మీద గాలి నింపిన తోలు పరుపు వేయించుకుని ఊగుతూ పడుకునేవాడట. పక్కన కాపలాకి నీలి కళ్ల సింహం. కూతురు ఖత్ర్ అల్ నదాని ఖలీఫా ముతదిద్‌కి ఇచ్చి పెళ్లి చేశాడు. ఈజిప్టు నుంచి బాగ్దాద్ దాకా పెళ్లికూతురు ఆగిన ప్రతి మజిలీలో పుట్టింటిలా ఉండాలని ఒక్కో భవనం కట్టించాడని చెప్తారు. అల్లుడి ప్లానే మామ ఖజానా ఖాళీ చేయించడం అని కూడా కొందరు అనుకున్నారు. 896లో డమాస్కస్‌లో ఖుమారవైహ్‌ని అతని ఇంటి బానిసలే చంపారు. ఆ సింహం అక్కడ లేదు.

తర్వాత కొడుకులు ఇద్దరు. ఒకణ్ని సైన్యం దింపి చంపింది. రెండోవాణ్ని 904లో చంపారు, ఆ వెంటనే 905 జనవరిలో బాగ్దాద్ సైన్యం ఫుస్తాత్‌లోకి వచ్చింది. నడిపించినవాడు ముహమ్మద్ ఇబ్న్ సులేమాన్. ఇతను ఒకప్పుడు లూలూ దగ్గర గుమాస్తా! అల్ ఖతాయిని పేటలకి పేటలు నేలమట్టం చేశారు. మసీదు కాబట్టి దాన్ని ఒక్కదాన్నీ ముట్టుకోలేదు. అందుకే మీ మ్యాప్‌లో ఆ చదరం ఒక్కటే కనిపిస్తోంది.

చివరగా ఒక్క ముక్క. ఆ మసీదు తర్వాత పాడుబడింది. 1293లో ఈజిప్టు సుల్తాన్ అల్ అష్రఫ్ ఖలీల్‌ని చంపిన కుట్రలో ఉన్న లాజిన్ అనే సేనాని ప్రాణభయంతో వచ్చి ఈ పాడుబడ్డ మసీదులోనే దాక్కున్నాడు. బతికి బయటపడితే దీన్ని బాగుచేయిస్తాను అని మొక్కుకున్నాడు. బతికాడు, 1296లో తనే సుల్తాన్ అయ్యాడు, మొక్కు తీర్చుకున్నాడు. ఇప్పుడు మీకు కనిపించే మినార్, ఆవరణ నడుమ గోపురం ఉన్న కట్టడం ఆ రిపేర్లలో వచ్చినవే అంటారు. లాజిన్ కూడా చిన్నప్పుడు సంతలో కొన్న బానిస సైనికుడే. 1299లో అతన్ని కూడా సొంత మనుషులే చంపారు.